మైపాడులో ఒక సీసా పోయింది, నెల్లూరులో ఒకటి దక్కింది

నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌కి వెళ్ళండి, కానీ రాత్రి అక్కడ ఉండకండి. ముఖ్యంగా మేం దిగిన చోట. పేరు రాయను. ‘సీ ఫేసింగ్’ అని ₹3,800 తీసుకున్న గదికి కిటికీ తెరిస్తే ఎదురుగా జనరేటరు, దాని వెనక సరుగుడు తోట. సముద్రం చప్పుడు మాత్రం వినబడింది, జనరేటరు ఆగినప్పుడల్లా.

కడుపుమంట గది గురించి కాదు. మా బావమరిది ఫ్రాన్స్ నుంచి వస్తూ రెండు సీసాల ‘పిక్‌పూల్ ద పినే’ అనే తెల్ల వైన్ తెచ్చాడు. అక్కడ దక్షిణాన లాంగ్‌డాక్ ప్రాంతంలో, మధ్యధరా సముద్రం పక్కనే ‘తో’ అనే ఉప్పునీటి సరస్సు ఉంది, మన పులికాట్ మాదిరి. దాని చుట్టుపక్కల తోటల్లో పండే పిక్‌పూల్ అనే తెల్ల ద్రాక్ష ఒక్కదానితోనే ఈ వైన్ చేస్తారు. 2013లో సొంత ఏఓసీ గుర్తింపు కూడా వచ్చింది, మన జీఐ ట్యాగ్ లాంటిది. ఎండలు కాసే చోటే అయినా ఈ ద్రాక్షకు పులుపు పోదు. అందుకే ఆ సరస్సులో పెంచే ఆయిస్టర్లు అనే ఆల్చిప్పలతో కలిపి తాగుతారు. ఏళ్ళ తరబడి దాచే సరుకు కాదు, కొత్తగా ఉండగానే బాగా చల్లగా తాగేయాలి. అక్కడ సీసా ఏడు యూరోలట.

ఆ చల్లదనం దగ్గరే వచ్చింది తంటా. ఫ్రిజ్‌లో పెట్టమని ఒక సీసా కుర్రాడికిస్తే తీసుకెళ్ళి రొయ్యల ఫ్రీజర్లో పడేశాడు. రాత్రి భోజనాల వేళకి చూస్తే బిరడా అరంగుళం పైకి లేచింది, సీసా మెడ చుట్టూ జిగురు, లోపల ఐసు, బయట నీచు వాసన. మేనేజర్ని అడిగితే “కూల్ గావాలన్నారు గద్సార్” అన్నాడు. పొద్దున బిల్లులో ‘కూలింగ్ చార్జీలు ₹300’! అరకిలో పీతలకి ₹900 వేశారు. చికెన్‌కీ రొయ్యలకీ పీతలకీ అదే ఎర్ర మసాలా. బావమరిది ఎవరితోనూ మాట్లాడలేదు. “ఏడు యూరోల సీసాకి ఇంత ఏడుపా” అని మా ఆవిడ అనడంతో మాట్లాడనివాళ్ళు ఇద్దరయ్యారు.

తెల్లారి పడవలు వచ్చే చోటికి వెళ్ళి కిలో నెత్తళ్ళు ₹200కి, కిలో పీతలు ₹450కి కొనుక్కుని, నెల్లూరు దర్గామిట్టలో మా ఆవిడ పిన్నిగారింటికి చేరాం. రెండో సీసా అక్కడ తీశాం.

పిన్నిగారు ముందురోజే కొరమీను పులుసు పెట్టి ఉంచారు, మామిడికాయ ముక్కలేసి. పులుసు అద్భుతం. వైన్‌ మాత్రం దాని ముందు నిలవలేదు. చింతపండు పులుపు పక్కన నీళ్ళలా అయింది, కారం నాలుక మీద రెండింతలు మండింది. నెల్లూరు పులుసుకి ఫలానా వైట్ వైన్ జోడీ అని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ పులుసుకి అన్నమే జోడీ.

నెత్తళ్ళ దగ్గర కథ మారింది. పసుపు, ఉప్పు, మిరియాల పొడి, కాస్త బియ్యప్పిండి పట్టించి కరకరలాడేలా వేయించారు. రెండు చేపలు నమిలి ఒక గుక్క తాగితే నోట్లో నూనె జిడ్డు మొత్తం పోయి మళ్ళీ చెయ్యి పళ్ళెంలోకే పోతుంది. ఉప్పునీళ్ళలో ఉడికించిన పీతలతో ఇంకా బాగుంది, కండలోని తీపి పైకి తేలింది. మసాలా పడిందో, పోయింది. ఆఖర్న మలై కాజా పెట్టారు. దాని మీద ఇది తాగితే అచ్చం వెనిగరే, కాజా తినే ముందే గ్లాసు ఖాళీ చేసేయండి.

పిన్నిగారు చెంచాడు రుచి చూసి, “పులిసిన మజ్జిగ మాదిరుంది గదా నాయనా, దీనికోసం అంత దూరం పోవాల్నా?” అన్నారు. నెత్తళ్ళు మాత్రం ఇంకో వాయి వేశారు.

బావమరిది మూడ్ అప్పటికి బాగయింది. ఈసారి ఆరు సీసాలు తెస్తానన్నాడు. కస్టమ్స్ వాళ్ళు డ్యూటీ లేకుండా వదిలేది మనిషికి రెండు లీటర్లే, అంటే రెండు సీసాలు. మా చెల్లెమ్మనీ, వాళ్ళత్తగారినీ కూడా వెంటబెట్టుకు రమ్మన్నాను.