ఎ319, ఎ320, ఎ321, నియో: పన్నెండేళ్ళుగా ఈ సీట్లలో కూర్చుంటున్నవాడి సమీక్ష

నా ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. ఇది ముందే చెప్పకపోతే తర్వాత రాసేదంతా దండగ. ఐదడుగుల నాలుగంగుళాల మా ఆవిడ హాయిగా నిద్రపోయే సీట్లో నేను మడతకుర్చీలా ముడుచుకుని కూర్చుంటాను. పెద్ద యంత్రాలు బిగించడం, అవి మొరాయిస్తే వెళ్ళి బాగుచేయడం నా ఉద్యోగం. పన్నెండేళ్ళుగా నెలకి రెండు మూడుసార్లు విమానం ఎక్కుతున్నాను. అందులో ముప్పాతిక వంతు ఎయిర్‌బస్ ఎ320 కుటుంబంలోవే. ఎక్కువగా రెండు మూడు గంటల ప్రయాణాలు, అప్పుడప్పుడు ఐదు గంటలవి.

మొదట్లో అన్నీ ఒకటే అనుకునేవాణ్ణి. అందులో సగం నిజం. ఎ320 1988లో సర్వీసులోకి వచ్చింది. దాన్నే సాగదీసి 1994లో ఎ321, కురచ చేసి 1996లో ఎ319 తెచ్చారు. ఇంకా పొట్టిది ఎ318 ఉంది గానీ నాకెప్పుడూ తగల్లేదు. 2016లో కొత్త ఇంజిన్లతో నియో మొదలైంది, అప్పట్నుంచి పాతవాటికి సియో అనే పేరు పడింది. పొడవులు చూస్తే ఎ319 33.84 మీటర్లు, ఎ320 37.57, ఎ321 44.51. క్యాబిన్ వెడల్పు మాత్రం అన్నిట్లోనూ 3.70 మీటర్లే. అటు మూడు, ఇటు మూడు సీట్లు, మధ్యలో ఒక్క నడవా, సీటు వెడల్పు సుమారు 18 అంగుళాలు. కాబట్టి భుజాల విషయంలో ఏది ఎక్కినా ఒకటే సుఖం, ఒకటే ఇబ్బంది. పక్కాయన మోచెయ్యి నియోలో కూడా నా వైపుకే వస్తుంది.

మోకాళ్ళ దగ్గర కథ మారుతుంది. నేను కొలిచే పద్ధతి ఒకటే. వెన్ను పూర్తిగా ఆనించి కూర్చుని, మోకాలికీ ముందు సీటుకీ మధ్య వేళ్ళు పెట్టి చూస్తాను. నాలుగు వేళ్ళు దూరితే, అంటే బెత్తెడు ఉంటే, ఆ ప్రయాణం బాగున్నట్టే. రెండు వేళ్ళయితే ముందాయన సీటు వాల్చకుండా ఉంటే చాలని కోరుకోవడమే. ఒకే నెలలో రెండు ఎ320 నియోలు ఎక్కాను, వేర్వేరు సంస్థలవి. ఒకదాంట్లో నాలుగు వేళ్ళు, రెండోదాంట్లో ఒకటిన్నర. విమానం అదే, ఇంజిన్ అదే, కిటికీలు అవే. మొదటిదాంట్లో 180 సీట్లు, రెండోదాంట్లో 186. ఆ ఆరు సీట్ల వరుస ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, కొంత వెనక టాయిలెట్ల దగ్గర మిగిల్చిన జాగా నుంచి, మిగతాది నా మోకాళ్ళ నుంచి.

పాత సియోల్లో సీటు వీపు దళసరిగా ఉండేది. కుషన్ కూడా అంతే మందం, కూర్చుంటే కాస్త దిగబడేది. ఇప్పటివి పలకల్లా పల్చన. పత్రికలు పెట్టే జేబును కింద నుంచి బల్ల పైకి మార్చేశారు, అది మాత్రం మంచి ఆలోచన, మోకాలికి గట్టి అంచు తగలదు. వరుసకీ వరుసకీ మధ్య 31 అంగుళాల ఎడంలో పాత దళసరి సీటు ఇచ్చినంత జాగాని ఈ పల్చటి సీటు 29లోనే దాదాపు ఇచ్చేస్తుంది. నా లెక్కలో మొదటి గంటన్నర పల్చటి సీటుదే గెలుపు. ఆ తర్వాత తోకెముక దగ్గర మొదలవుతుంది. రెండున్నర గంటలకి ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు ఒరుగుతూ ఉంటాను. ఐదు గంటల ప్రయాణానికి పాత దళసరి సీటున్న సియో దొరికితే ఇప్పటికీ నేను దానివైపే మొగ్గుతాను, ఎవరు నవ్వినా సరే. కొన్నిట్లో సీటు అసలు వాలదు, ముందే కాస్త వాల్చి బిగించేస్తారు. అది నాలాంటివాడికి వరమే. నేను వాల్చలేకపోవడం చిన్న నష్టం, ముందాయన వాల్చలేకపోవడం పెద్ద లాభం.

ఇక ఎ319. నాకు ఈ కుటుంబంలో ఇదే ఇష్టం. దానికి సీటుతో సంబంధమే లేదు. 140 మంది చిల్లర ఎక్కే విమానంలో, ఎంత వెనక కూర్చున్నా ముందు తలుపు కనిపిస్తూనే ఉంటుంది. ఆగిన పది నిమిషాల్లో బయటపడతాను. నడవాలో బండి అడ్డుపడితే అది పక్కకి తప్పుకునేదాకా పట్టే సమయం తక్కువ. టాయిలెట్ దగ్గర ఇద్దరికి మించి నిలబడి ఉండగా చూసింది అరుదు. రోజురోజుకీ ఇవి తగ్గిపోతున్నాయి. సంస్థలు పొడుగువాటివైపే పోతున్నాయి, ఒక్కో సీటు మీద ఖర్చు వాటిలోనే తక్కువ మరి.

చప్పుడు సంగతికి వద్దాం. సియో, నియో మధ్య తేడా కళ్ళు మూసుకున్నా తెలిసేది ఇక్కడే. సియోల్లో ఎక్కువగా వాడిన సీఎఫ్ఎం56 ఇంజిన్ ముందు పంకా అడ్డకొలత 68 అంగుళాల పైచిలుకు. నియోలో లీప్ ఇంజిన్‌ది 78, ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్‌ది 81. ఈ రెండోదాంట్లో మధ్యలో గేర్ పెట్టడంతో, లోపలి టర్బైన్ మూడు చుట్లు తిరిగితే పంకా దాదాపు ఒక చుట్టే తిరుగుతుంది. పెద్ద పంకా, నిదానం తిరుగుడు, అందుకే ఆ నెమ్మది. సియోలో రెక్క వెనక వరుసల్లో కూర్చుంటే టేకాఫ్ సమయంలో పక్కమనిషితో మాట్లాడాలంటే గొంతు పెంచాల్సివచ్చేది. నియోలో ఆ అవసరం లేదు. మొదటిసారి ఎక్కినప్పుడు ఇంజిన్ సరిగ్గా ఊపందుకుందా అని చిన్న టెన్షన్ కూడా పడ్డాను.

కానీ ఇందులో ఒక తిరకాసు ఉంది. ఇంజిన్ హోరు ఇన్నాళ్ళూ దుప్పటిలా మిగతా చప్పుళ్ళని కప్పేసేది. అది పల్చబడ్డాక మూడు వరుసల వెనక ఎవరో ఫోన్‌లో చూస్తున్న వీడియో, పై అర లోపల కొట్టుకుంటున్న బకెట్ లాంటి పెట్టె, పక్కాయన గురక అన్నీ విడివిడిగా వినిపిస్తున్నాయి. సియోలో నేను ఇయర్‌ఫోన్లు ఇంజిన్ కోసం పెట్టుకునేవాణ్ణి, నియోలో మనుషుల కోసం పెట్టుకుంటున్నాను. ఇంకొకటి, గేర్ ఇంజిన్ ఉన్న నియో దిగడం మొదలుపెట్టి పవర్ తగ్గించినప్పుడు ఒక్కోసారి దూరంగా ఏదో పెద్ద జంతువు మూలిగినట్టు వినిపిస్తుంది. పెరుగుతుంది, తగ్గుతుంది, ఆగిపోతుంది. రెండు మూడుసార్లయ్యాక అలవాటైపోతుంది.

సియో అయినా నియో అయినా మారని చప్పుడు ఒకటుంది, కుక్క మొరుగుడు. ఒకసారి రెక్కల మధ్య వరుసలో నా పక్కన మొదటిసారి విమానం ఎక్కిన పెద్దాయన ఉన్నారు. విమానాన్ని వెనక్కి నెట్టారు, ఇంజిన్లు ఒక్కొక్కటే మొదలవుతున్నాయి. అంతలో కాళ్ళ కింద నుంచి "భౌ... భౌ... భౌ" అని, గొంతు బొంగురుపోయిన కుక్క మొరిగినట్టు మొదలైంది. ఆయన కాళ్ళు పైకి లాక్కున్నారు. "బాబూ, కింద సామాన్లలో కుక్కనేమైనా ఎక్కించారా? పాపం, అరుస్తోంది," అన్నారు. నాకు నవ్వాగలేదు. తర్వాత విడమర్చి చెప్పాను. ఈ విమానంలో ఆకుపచ్చ, పసుపు, నీలం అని మూడు హైడ్రాలిక్ వ్యవస్థలు, అంటే ద్రవం ఒత్తిడితో భాగాలని కదిపేవి, ఉంటాయి. ఆకుపచ్చ ఒక ఇంజిన్‌తో, పసుపు రెండోదానితో నడుస్తాయి. ఆకుపచ్చకీ పసుపుకీ మధ్య పీడనం తేడా 500 పీఎస్ఐ దాటితే, ఎక్కువున్నదాని బలంతో తక్కువున్నదాన్ని లేపే ఒక పంపు దానంతట అదే పనిచేస్తుంది. ఒక ఇంజిన్ తిరుగుతూ రెండోది ఇంకా అందుకోనప్పుడు సరిగ్గా అదే జరుగుతుంది. పంపు ఉండేది చక్రాలు ముడుచుకునే గదిలో, అంటే మా కాళ్ళ కిందే. ఆయన శ్రద్ధగా విని, "అయితే కుక్క లేదన్నమాట," అని కాళ్ళు దించారు. ముందు వరుసల్లో కూర్చున్నవాళ్ళకి ఇది అంతగా వినపడదు. నిద్ర ముఖ్యమైతే రెక్క మధ్య వరుసలు వద్దంటాను, కుదుపులంటే భయమైతే అవే కావాలంటాను.

ఎందుకంటే కుదుపులు అన్నిటికన్నా తక్కువ తెలిసేది రెక్కల దగ్గరే. దీనికి పూర్తి విరుద్ధం ఎ321 తోక. ఎ320 కన్నా దాదాపు ఏడు మీటర్లు ఎక్కువ పొడుగు. పిల్లలు ఆడే ఎగుడుదిగుడు బల్లలో నడుమ కూర్చున్నవాడికీ చివర కూర్చున్నవాడికీ ఎంత తేడానో ఇక్కడా అంతే. ఒక రాత్రి చివరి నుంచి రెండో వరుసలో కూర్చున్నాను. గాలి పెద్దగా లేదు, పైలట్ సీటుబెల్టు దీపం కూడా వెయ్యలేదు. అయినా తోక ఎడమకీ కుడికీ నెమ్మదిగా ఊగుతూనే ఉంది. ముందున్న తలల వరుస ఒకవైపు, నేను ఒకవైపు. నాకు విమానంలో తలతిప్పడం అన్నది ఆ ఒక్కసారే జరిగింది. దిగేటప్పుడు ఇంకో శిక్ష. కొత్త ఎ321 నియోలో గరిష్ఠంగా 244 మంది దాకా అనుమతి ఉంది. మా విమానం నిండుగా ఉంది, అందరికీ ఒకటే నడవా. తలుపు తెరిచాక నా వరుస కదలడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

అలాగని ఎ321 మొత్తానికి చెడ్డపేరు పెట్టను. పాత ఎ321లో రెండు వైపులా నాలుగేసి పెద్ద తలుపులు ఉంటాయి. మధ్యలో ఉన్న తలుపుల వెనక వరుస దొరికితే, కాళ్ళు బారచాపినా ముందు ఏదీ తగలదు. కాకపోతే కిటికీ సీటు తీసుకోకండి. తలుపు లోపలివైపు పొట్టలా ఉబ్బి ఉంటుంది.  అది సరిగ్గా షిన్‌బోన్‌కి తగులుతుంది. పైగా తలుపు పక్కన చల్లగా ఉంటుంది, గంట తిరిగేసరికి అటువైపు పాదం జిల్లుమంటుంది. మధ్య సీటే నయం, ఇంత ఎత్తున్న నేను మధ్య సీటు అడిగేది ఈ ఒక్క వరుసలోనే. కొత్త నియో ఎ321ల్లో తలుపుల అమరిక మార్చారు. రెక్క మీద చిన్న ఎమర్జెన్సీ తలుపులు వచ్చాయి, ముందున్న రెండో పెద్ద తలుపుని చాలావాటిలో తీసేశారు. కాబట్టి పాత అలవాటుతో వరుస నంబర్ చూసి సీటు ఎంచుకుంటే మోసపోతారు.

టాయిలెట్ గురించి పొట్టిగా చెప్తాను, అది కూడా పొట్టిదే కాబట్టి. కొత్త అమరికలో వెనకవాటిని వంటగదితో కలిపి తోకగోడకి నెట్టేశారు. లోపల గోడ వాలుగా దిగుతుంది. నేను ముందు లోపలికి వెళ్ళి తిరగలేను. బయటే తిరిగి, వెనక్కి నడిచి, తల వంచి, ఆ తర్వాతే తలుపు మూయాలి. పాత సియోలో ఈ విన్యాసం అక్కర్లేదు.

సామాను అరలు మాత్రం కొత్తవాటిలో నిజంగా మెరుగు. ఎయిర్‌స్పేస్ అని పిలిచే కొత్త క్యాబిన్‌లో చక్రాల పెట్టెలని బీరువాలో పుస్తకాలు పేర్చినట్టు నిలువుగా పెట్టొచ్చు, పాత అరల కంటే 60 శాతం ఎక్కువ పెట్టెలు పడతాయని ఎయిర్‌బస్ చెప్పే లెక్క. నా పనిముట్ల సంచి కాళ్ళ దగ్గర పెట్టుకునే బాధ తప్పింది. రంగుల దీపాల గురించి నాకేమీ చెప్పాలని లేదు. చెవుల సంగతిలో ఏ వెర్షనూ ఇంకోదానికన్నా గొప్పది కాదు. ఎంత ఎత్తున ఎగిరినా లోపలి గాలి పీడనం సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతకి మించి పల్చబడకుండా చూస్తారు, నియో వచ్చాకా అది మారలేదు. ఆ తేడా కావాలంటే బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 లాంటివి ఎక్కాల్సిందే, వాటిలో ఆ లెక్క 6,000 అడుగులు.

ఏది వస్తుందో ముందే తెలుసుకోవడం ఎలా అని అడుగుతుంటారు. టికెట్ కొనేచోట విమానం వివరాల్లో చిన్న కోడ్ ఉంటుంది. 319, 320, 321 అంటే పాతవి, 32ఎన్ అంటే ఎ320 నియో, 32క్యూ అంటే ఎ321 నియో. రెక్క చివర పైకి తిరిగిన కొస చూసి నియో అనుకోకండి, అది చివరి ఏళ్ళ సియోలకీ ఉంది. నేను ఇంజిన్ మూతి చూస్తాను. నియోది చూడగానే రెక్కకి మించిన బరువులా పెద్దగా కనిపిస్తుంది.

ఇంత తెలిసి కూడా పోయిన నెల దెబ్బతిన్నాను. నాలుగున్నర గంటల ప్రయాణం, కోడ్ 321. నెల ముందే, అదనంగా కట్టి మరీ, రెండో తలుపు వెనక 11వ వరుసలో మధ్య సీటు తీసుకున్నాను. గేటు దగ్గరికి వెళ్ళేసరికి విమానం మార్చారు, ఎ320 వచ్చింది. సీటు నంబర్ మాత్రం మార్చలేదు. 11వ వరుస అక్కడ ఎమర్జెన్సీ తలుపుకి సరిగ్గా ముందు వరుస. ఆ వరుస సీట్లు వాలవు, దారికి అడ్డం రాకూడదని. ముందున్న 10వ వరుస సీట్లు శుభ్రంగా వాలతాయి. వేళ్ళు పెట్టి చూశాను, ఒకటిన్నర. విమానం లేచిన పది నిమిషాలకి ముందాయన వాల్చాడు. ఆ తర్వాత కొలవలేదు.