ఆవకాయ దించిన సూట్‌కేసులో గుమ్మడిగింజల నూనె

మా అమ్మాయి హంగరీలోని దెబ్రెత్సెన్‌లో మెడిసిన్ మూడో ఏడు చదువుతోంది. దానికోసం ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు అన్నీ కలిపి తొమ్మిది కిలోలు మోసుకెళ్ళాం. అవి దాని గదిలో దించేసరికి పెద్ద సూట్‌కేసు ఖాళీ అయింది. ఆ ఖాళీని దేనితో నింపాలన్నదే ఆ తర్వాత పన్నెండు రోజులూ మా ముగ్గురి వాదన. మా ఆయనకు బుడాపెస్ట్‌లో నాలుగు ఫ్రిజ్ మాగ్నెట్లు కొంటే పని అయిపోయినట్టే. నాకు మాత్రం చేసినవాళ్ళ చేతి నుంచి తీసుకున్న వస్తువు ఒక్కటైనా లేకపోతే ఆ ఊరు వెళ్ళినట్టే అనిపించదు. కొండపల్లి వెళ్ళి కూడా బొమ్మను విజయవాడ షాపులో కొనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట.

"అయితే నేషనల్ పార్కులకు వెళ్దాం అమ్మా" అంది మా అమ్మాయి. నేషనల్ పార్కంటే మనకు తెలిసింది ఒకటే: కంచె, జీపు, పొద్దున్నే లేచి వెళ్తే కనపడని పులి. పచ్చళ్ళకీ కుండలకీ అక్కడేం పని? హంగరీలో ఉన్న 10 నేషనల్ పార్కులూ అలాంటివి కావట. ఊళ్ళు, పొలాలు, ద్రాక్షతోటలు, పశువుల మందలు ఆ సరిహద్దుల్లోనే ఉంటాయి. పశువులు మేయకపోతే గడ్డిమైదానం పాడవుతుంది. రైతు ఊరొదిలి వెళ్ళిపోతే పచ్చికబీడును అడవి కమ్మేస్తుంది. కాబట్టి ఆ మంద నుంచి వచ్చే జున్నునూ, ఆ తోటలో కాసిన పండుతో చేసిన జామునూ ఎవరో కొంటేనే పార్కు నిలుస్తుంది. అందుకే పార్కులవాళ్ళు తమ ప్రాంతంలో తయారైన తేనె, నూనె, జాము, కుండ, బుట్ట లాంటివి పరిశీలించి 'నేషనల్ పార్క్ ఉత్పత్తి' అని ముద్ర ఇస్తారు. చిన్న రైతులు ఇంట్లో చేసినది నేరుగా అమ్ముకునేలా ప్రభుత్వం కూడా 2010లో నిబంధనలు సడలించింది. కాగితం మీద అంతా బాగుంది. సరుకు దగ్గరకు వెళ్ళాక ఎలా ఉందన్నదే ఇక్కడ రాస్తున్నాను.

మొదట హోర్తోబాజ్. దెబ్రెత్సెన్ నుంచి రైల్లో గంటలోపే. 1973లో ఏర్పడిన దేశపు మొట్టమొదటి నేషనల్ పార్కు ఇది. 80 వేల హెక్టార్లకు పైగా చదునైన గడ్డిమైదానం. 1999 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. రైలు దిగగానే మా ఆయన "ఇదేంటి, చూడ్డానికి ఏమీ లేదే" అన్నాడు. నిజమే, చెట్టూ లేదు, గుట్టా లేదు. ఆకాశం నేల దాకా దిగి ఉంటుంది. అరగంట నడిచాక ఆ ఏమీ లేకపోవడమే చూడాల్సిందని మనకే తెలుస్తుంది.

పుస్తా (ఈ గడ్డిమైదానాన్ని అలా పిలుస్తారు) జంతువుల పార్కులో బూడిదరంగు పశువును చూసి మా ఆయన కంచె దగ్గరే ఆగిపోయాడు. ఆయనది ఒంగోలు పక్క పల్లె. "మన గిత్తకు మూపురం తీసేసి, కొమ్ములు బారెడు చేస్తే ఇదే" అన్నాడు. వీటి దూడలు ఎర్రగా పుట్టి, నెలలు గడిచేకొద్దీ బూడిదరంగుకు మారతాయట. ఒకప్పుడు వీటి మందలు కాలినడకన ఐరోపా సంతలకు వెళ్ళేవి. 1960ల నాటికి ట్రాక్టర్లు వచ్చి, దేశం మొత్తం మీద కొన్ని వందలే మిగిలాయి. ఇప్పుడు మళ్ళీ వేలల్లో ఉన్నాయి. పక్కనే రత్స్‌క గొర్రెలు. మరమేకుల్లా మెలితిరిగి నిటారుగా లేచిన కొమ్ములు పొట్టేలుకే కాదు, ఆడ గొర్రెకూ ఉంటాయి. ఒళ్ళంతా ఉన్ని చుట్టలు తిరిగిన మంగలిత్స పందులూ ఉన్నాయి. మా ఆయన సెల్ఫీ దిగడానికి ఒప్పుకోని జంతువు అదొక్కటే.

ఇక కొనుగోళ్ళ సంగతి. 1833లో పూర్తయిన తొమ్మిది కమానుల రాతి వంతెన దగ్గర దుకాణాల వరుస ఉంది. అక్కడ కొరడాలు, టోపీలు, ఎంబ్రాయిడరీ బల్లగుడ్డలు వేలాడుతుంటాయి. ఎంబ్రాయిడరీ ఒకటి తిరగేసి చూశాను. వెనకవైపు దారం ముడి ఒక్కటి లేదు, మెషిన్ కుట్టు. చేత్తో కుట్టిందేనా అని మా అమ్మాయి హంగేరియన్‌లో అడిగితే (మెడిసిన్ పిల్లలు రోగులతో మాట్లాడాలి కాబట్టి ఆ భాష నేర్చుకోక తప్పదు) ఆ అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు. అక్కడికి దగ్గర్లోనే పార్కువాళ్ళ సందర్శకుల కేంద్రం, దాని ఆవరణలోనే చేతిపనుల వాడ ఉన్నాయి. అక్కడ పద్ధతి వేరు, పనిచేసే మనిషి ఎదురుగానే ఉంటాడు. మేం వెళ్ళింది సెప్టెంబరులో, అదీ మంగళవారం కావడంతో సగం తలుపులు మూసే ఉన్నాయి. వారాంతంలో వెళ్ళండి. ఆగస్టు 20 ప్రాంతంలో ఇక్కడ జరిగే వంతెన సంతకు కుదిరితే ఇంకా మంచిది.

హోర్తోబాజ్ వెళ్ళిన పుణ్యం నాకు దక్కింది మాత్రం నాదుద్వర్‌లో. మైదానం అంచున ఉన్న ఈ ఊరు నల్ల కుండలకు పేరు. నల్లరంగు వేస్తారేమో అనుకున్నాను. రంగే లేదు. సారె మీద చేసిన కుండ కాస్త ఆరాక, నున్నటి గులకరాయితో దాని మీద గీతలు, పువ్వులు రుద్దుతారు. తర్వాత బట్టీలో కాల్చి, చివర్లో గాలి చొరకుండా మూసేస్తారు. లోపల ఊపిరాడని పొగ మట్టిలోకి దిగి కుండ నల్లబడుతుంది. రాయి రుద్దిన చోట నిగనిగలాడుతుంది, మిగతాది బొగ్గులా మెరుపు లేకుండా ఉంటుంది. ఓ పెద్దాయన నా చేతికి రాయిచ్చి పచ్చి ముంత మీద రుద్దమన్నాడు. నా గీత వంకరపోయింది. ఆయన ఏమీ అనకుండా దాన్ని ఆకుగా మార్చేశాడు. ఆ ముంత నాకు కావాలంటే, బట్టీకి వెళ్ళడానికి ఇంకా వారం పడుతుందన్నాడు. బదులు చిన్న కూజా ఒకటి కొన్నాను. నగదే తీసుకున్నారు. మేం వెళ్ళినప్పుడు రూపాయికి సుమారు నాలుగు ఫోరింట్లు (అక్కడి డబ్బు) అనుకుని లెక్క వేసుకున్నాం.

భోజనం గురించి ఒక్క మాట. గొర్రెల కాపరుల వంట స్లంబుత్స్. బంగాళాదుంపలు, పిండి రేకులు, పంది కొవ్వు కలిపి, వేలాడే బొగ్రాచ్ గుండిగలో ఆరుబయట వండుతారు. గరిటెతో కలపరు, గుండిగనే తిప్పుతారు. 32 సార్లు తిప్పాలని లెక్క కూడా ఉంది. వాసన అద్భుతం. మేం తినలేదు, పెరుగన్నం డబ్బా తెచ్చుకున్నాం. శాకాహారులకు హోర్తోబాజ్ కష్టమే. వేయించిన జున్ను, దోసకాయ సలాడ్‌తో ఒక పూట గడుస్తుంది, రెండో పూట గడవదు. మధ్యాహ్నానికి తిరుగురైలు పట్టుకుని దెబ్రెత్సెన్‌లో పడుకోవడం నయం.

రెండో మజిలీ బలతోన్ సరస్సు. ఉత్తర ఒడ్డున బలతోన్ ఎగువభూముల నేషనల్ పార్కు. ముందు తిహాన్ ద్వీపకల్పం. 1055లో పుట్టిన మఠం ఉంది. ఆ మఠం స్థాపన పత్రం లాటిన్‌లో ఉన్నా, మధ్యలో దొర్లిన హంగేరియన్ మాటలే ఆ భాషకు మిగిలిన అతి పాత రాతల్లో ఉన్నాయి. అది సరే. ఊరు మాత్రం లావెండర్ మయం. సబ్బు లావెండర్, ఐస్‌క్రీం లావెండర్, చివరికి కుక్కకు వేసే చొక్కా మీదా లావెండరే. పూలు జూన్, జూలైల్లో పూస్తాయి. మేం వెళ్ళింది సెప్టెంబరు. పొలంలో బూడిదరంగు మొక్కలు, దుకాణాల్లో ఊదారంగు సంచులు. పార్కు నడిపే లావెండర్ హౌస్‌లో ఈ సాగు 1920ల్లో ఎలా మొదలైందో చక్కగా చూపిస్తారు, అది చూడండి. బయట వీధిలో ఏది ఆ ద్వీపకల్పంలో పండిందో, ఏది లారీలో దిగిందో కనుక్కోవడం నావల్ల కాలేదు.

రాత్రి బస దగ్గర నాకు ఒళ్ళు మండింది. పేరెందుకు గానీ, సరస్సు దగ్గర ఓ అతిథిగృహం 'స్థానిక ఉత్పత్తులతో అల్పాహారం' అని ప్రకటించుకుంది. గది శుభ్రంగానే ఉంది, కిటికీలోంచి సరస్సూ కనిపిస్తుంది. పొద్దున బల్ల మీదకు వచ్చింది మాత్రం ప్లాస్టిక్ డబ్బాలో జాము, ప్యాకెట్ జున్ను. జాము వెనక చూస్తే ఆ దేశంది కూడా కాదు. అడిగితే "తేనె స్థానికమే" అన్నారు. తేనె రాలేదు.

ఆ కోపం ఆదివారం ఉదయం కాప్తలన్‌తోతి ఊళ్ళో లిలియోమ్‌కెర్త్ సంతలో చల్లారింది. చెట్ల కింద బల్లలు. మేకపాల జున్ను, రొట్టెలు, తుమ్మపూల తేనె, పాత తలుపుల గొళ్ళేల దాకా అన్నీ ఉన్నాయి. తుమ్మ అంటే మన నల్లతుమ్మ కాదు. అమెరికా నుంచి తెచ్చి నాటిన తెల్లపూల చెట్టు. హంగరీ అడవుల్లో దాదాపు పావు వంతు ఆ చెట్టేనట. దాని తేనె నీళ్ళంత తేటగా ఉండి, చాలాకాలం గడ్డకట్టదు. చెంచాతో రుచి చూపించి మరీ అమ్ముతారు. రద్దీ ఎక్కువ, బుడాపెస్ట్ కార్లు రోడ్డు పొడవునా బారులు తీరతాయి, ధరల్లో నగరం వాసన కొట్టింది. అయినా కొన్నాను. దగ్గర్లోనే షల్‌ఫోల్ద్‌లో పార్కువాళ్ళ పశువుల క్షేత్రం ఉంది. గేదెలు, బూడిద పశువులు, మూలికల తోట. పిల్లలుంటే అదే ముందు పెట్టుకోండి. తిరిగి రావడానికి బస్సు లేక రెండు గంటలు అరుగు మీద కూర్చున్నాం. అక్కడే కారు అద్దెకు తీసుకోవాలని నిశ్చయమైంది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇండియా నుంచే తీసుకెళ్ళండి. హైవే ఎక్కేముందు ఇ-మత్రిత్స అనే ఆన్‌లైన్ టోల్ కట్టడం మర్చిపోవద్దు.

మూడోది ఓర్షేగ్. స్లొవేనియా, ఆస్ట్రియా సరిహద్దుల మూల, 2002లో వచ్చిన పదో పార్కు. ఓర్షేగ్ అంటే కాపలా. మధ్యయుగంలో సరిహద్దు కాయడానికి నిలిపిన కుటుంబాల ఊళ్ళివి. అందుకే ఊరు ఒక్కచోట ఉండదు. గుట్ట మీద నాలుగిళ్ళు, లోయ దాటి ఇంకో గుట్ట మీద ఐదిళ్ళు. ఆ గుంపును 'సేర్' అంటారు. సలఫోలోని పిత్యెర్‌సేర్‌లో అలాంటి పాత ఇళ్ళను మ్యూజియంగా కాపాడుతున్నారు.

మా బస ఓరిసెంత్‌పేతేర్ శివారులో ఒక రైతు ఇంటి వెనక భాగం. వైఫై నత్తనడక, స్నానాలగదిలో తల వంచి నిలబడాలి. కానీ ఇంటావిడ మొదటి సాయంత్రమే దొదొల్లె చేసి పెట్టింది. ఉడికించిన బంగాళాదుంపలో పిండి కలిపి, ముద్దలుగా తుంచి, ఉల్లిపాయలతో వేయించి, పుల్లటి మీగడతో ఇస్తారు. పంది కొవ్వుకు బదులు నూనె వాడమంటే మొహం చిట్లించకుండా వాడింది. మాటల్లో ఇంటిపేరు ముందు రాసుకోవడం వాళ్ళకూ మనకూ ఒకటేనని తెలిశాక, మా ఆయన ఇంటిపేరు పలకడానికి ఆవిడ పదిసార్లు ప్రయత్నించింది.

మర్నాడు వాళ్ళ గుమ్మడి పొలం చూశాం. కాయలన్నీ కోసి వదిలేసినట్టు నేల మీదే ఉన్నాయి. ఇక్కడ గుజ్జుకు విలువ లేదు, గింజదే విలువ. పైపెచ్చు లేకుండా పచ్చగా ఉండే గింజ. దాన్ని కడిగి, ఆరబెట్టి, దంచి, కాస్త వేడినీళ్ళూ ఉప్పూ పోసి పిసికి, పెనం మీద వేయించి గానుగలో పిండుతారు. లీటరు నూనెకు రెండున్నర, మూడు కిలోల గింజలు కావాలి. ఆవిడ తెల్లటి పళ్ళెంలో చెంచాడు పోసింది. అంచున పల్చగా ఉన్నచోట ఆకుపచ్చ. సీసా ఎత్తి చూస్తే చిక్కటి ఎరుపు. నూనె ఒకటే, మందాన్నిబట్టి రంగు మారుతుంది. వేడి చేస్తే రుచి పోతుందని, పోపుకు వాడొద్దని రెండుసార్లు చెప్పింది. పార్కు ముద్ర సీసా మీద ఉందో లేదో చూడాలని నాకు తట్టనేలేదు. రాత్రి గదిలో తిప్పి చూస్తే ఉంది.

మగ్యార్‌సొంబత్‌ఫ ఈ ప్రాంతపు కుమ్మరుల ఊరు. మెరుగుపూతతో వంటకుండలు చేస్తారు, ఓవెన్‌లో క్యాబేజీ వండుకోవడానికి. బరువు చూసి వద్దనుకున్నాను. ఇప్పటికీ బాధే.

డబ్బుకు తగిన ఫలితం ఎక్కడుందని అడిగితే నేను ఓర్షేగ్ అంటాను. మూడు రాత్రులు, కారు తప్పనిసరి, సెప్టెంబరు చివర్లో గుమ్మడి పండుగ ఉంటుంది కాబట్టి గది ముందే మాట్లాడుకోవాలి. హోర్తోబాజ్ ఒక్క రోజు, నాదుద్వర్‌తో కలిపి. తిహాన్ పూలు లేనప్పుడు దాటేయొచ్చు, మా అమ్మాయి ఒప్పుకోదు గానీ. నూనె, తేనె చేతిసంచిలో పెడితే ఎయిర్‌పోర్టులో తీసేయొచ్చు. చెక్-ఇన్ సామానులో, రెండు జతల సాక్సుల్లో దూర్చి పెట్టాలి.

నల్ల కూజా మూత అంచు హైదరాబాద్ చేరేసరికి పెచ్చు ఊడింది. లోపల కూడా నలుపే. నూనె మాత్రం చుక్క కారలేదు. మా ఆయన ఇప్పుడు కందిపొడి అన్నంలో నెయ్యి పక్కన పెట్టి అదే పోసుకుంటున్నాడు. సీసాలో నాలుగు వేళ్ళ మందం మిగిలింది. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఇంకోటి తెమ్మని అమ్మాయికి మెసేజ్ పెట్టింది కూడా ఆయనే.