నెల ఇంగ్లీషు క్లాసు: ఫీజు 1,800, లాభం ఒక 'ఈ'

అనంతపురంలో టవర్ క్లాక్ నుంచి నడిచిపోయేంత దూరంలో, మేడమీద జరిగే స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు ఇది. పేరు రాయను, సార్ రోజూ ఎదురుపడే మనిషి. పొద్దున ఆరు నుంచి ఏడున్నర వరకు. ఏప్రిల్‌లో చేరినా. ఐదుకు మూడున్నర ఇస్తా.

నాది జిరాక్స్ అంగడి. అర్జీలు, అఫిడవిట్లు టైపు చేసిస్తా. నోటుబుక్కులు కొంటానికొచ్చిన ఒక లెక్చరర్ నా బోర్డు చూసి, "ఏమప్పా, నీ అంగడి కదలనే కదలదా?" అని నవ్వినాడు. స్టేషనరీలో 'ఈ' ఉండాల్సిన చోట 'ఏ' పడింది. 'ఏ' ఉంటే కదలకుండా నిలబడినది, 'ఈ' ఉంటే పెన్నులు, కాగితాలు. పదకొండేళ్లుగా అట్లే వేలాడుతోంది ఆ బోర్డు! సార్ చెప్పినదాన్నిబట్టి రెండూ దాయాదులే. ఊళ్లు తిరక్కుండా ఒకచోట అంగడి పెట్టి పుస్తకాలమ్మేవాణ్ణి ఒకప్పుడు స్టేషనర్ అనేవాళ్లంట. ఎన్వలప్‌లో 'ఈ' ఉంది కాబట్టి దానితో గుర్తుపెట్టుకోమన్నాడు.

నేనిచ్చే మార్కుల్లో సగం మూడో రోజువే. "చొక్కా లూజుగా ఉంది, ఇంగ్లీషులో చెప్పండి" అన్నాడు సార్. అందరం 'లూజ్' అన్నాం. అందరిదీ తప్పే. వదులు అనే మాటకు రెండు 'ఓ'లు, చివర పలికేది 'స్'. ఒక 'ఓ' పెట్టి 'జ్' అని ముగిస్తే పోగొట్టుకోవడం. మనం తెలుగులో 'లూజు' అని కలిపేసుకున్నాం కాబట్టి, మన చెవికి ఆ రెండిటికీ తేడానే లేదు. నాకు చెమటలు పట్టినాయి. మార్కుల లిస్టు పోయిందని పోలీస్ స్టేషన్‌కిచ్చే అర్జీల్లో 'లాస్ట్' అని కొట్టాల్సింది పోయి, రెండు 'ఓ'లతో 'లూజ్డ్' అని ఎన్ని కొట్టినానో! అంటే ఆ పిల్లోళ్లు మార్కుల లిస్టును కట్టు విప్పి వదిలేసినట్టు. అదీ ఇంగ్లీషు మాటే, అందుకే కంప్యూటర్ ఎర్రగీత గీయలేదు. అడ్వైస్, అడ్వైజ్ కూడా ఇదే దారి. 'స్' అంటే సలహా, 'జ్' అంటే సలహా ఇవ్వడం.

ఇంకొకటి బారో, లెండ్. మనం చేబదులు తెస్తాం, చేబదులు ఇస్తాం. మాట ఒకటే. ఇంగ్లీషులో తెచ్చుకునేవాడిది బారో, ఇచ్చేవాడిది లెండ్. నర్సింగ్ చదివే పాప ఒకామె "సార్, కెన్ యూ బారో మీ ఎ పెన్?" అంటే, సార్ తన పెన్ను జేబులో దాచుకుని, "నీ దగ్గర నన్ను తీసుకోమంటున్నావా తల్లీ?" అన్నాడు. ఆ పాప మళ్లీ ఎప్పుడూ తప్పలేదు, మేమూ తప్పలేదు. ఎడారి అనే డెజర్ట్‌కు ఒక ఎస్, భోజనం తర్వాత తీపి అనే డిజర్ట్‌కు రెండు ఎస్‌లు అని చెప్తూ, "ఓళిగ ఎవరైనా ఒకటితో ఆపుతారా?" అన్నాడు. ఇట్లాంటివి సార్‌కు బాగా వచ్చు.

ఇంక తిట్లు. నోట్స్‌కని వేరే 150 తీసుకుంటారు. జిరాక్స్ అంత మసకగా ఉంటే నా అంగట్లో అయితే మనిషి డబ్బులు వాపస్ అడుగుతాడు. పైగా అందులో కాలేజీ ప్రిన్సిపాల్‌కూ, సూత్రం అనే ప్రిన్సిపుల్‌కూ అర్థాలు తారుమారైనాయి. ఈ క్లాసులో అది జరగకూడదు కదా! ప్రాక్టీస్‌ను క్రియగా రాస్తే ఎస్ పెట్టాల్సిందేనని సార్ అంటే, ఒక ఇంజనీరింగ్ పిల్లోడు "అమెరికాలో నామవాచకానికీ క్రియకూ రెండిటికీ 'సీ'నే సార్" అన్నాడు. పిల్లోడు చెప్పింది నిజం. ఎస్ బ్రిటిష్ వాళ్ల పద్ధతి. సార్ మాత్రం "అమెరికా పోయినప్పుడు రాసుకో" అని కసిరి కూర్చోబెట్టినాడు. వారానికొక పరీక్ష అన్నారు, నెలంతా కలిపి ఒక్కటే పెట్టినారు.

బోర్డు మీద 'ఈ' స్టిక్కరు అంటించినా.

చేరేవాళ్లు ముందు వరుసలో కూర్చోండి. వెనక కూలర్ మోతకు సార్ 'స్' అన్నాడో 'జ్' అన్నాడో వినపడదు.