వర్క్‌షీట్ కొనుక్కోవాలా, ఫ్రీది వాడాలా, క్రియేటివ్ కామన్స్ వెతకాలా: ఏది మేలు?

టీచర్ల గ్రూపుల్లో ఎవరో "భిన్నాల వర్క్‌షీట్ ఉంటే పెట్టండి" అంటారు, కాసేపట్లోనే పీడీఎఫ్‌లు వచ్చి పడతాయి, ఎవరు చేశారో ఏ షరతు మీద ఇచ్చారో ఎవరూ చూడరు. నా లెక్కలో ఏది మేలన్నది మనం దాన్ని ఏం చేయబోతున్నాం అన్నదాన్ని బట్టే ఉంటుంది.

కొన్నదాని సంగతి చూస్తే, టీచర్స్ పే టీచర్స్ లాంటి సైట్లలో డబ్బులు కట్టాం కదా ఇక మనదే అనుకుంటాం గానీ మామూలుగా అక్కడ దొరికేది ఒక్క టీచర్‌కి సరిపడా పర్మిషన్ మాత్రమే. మన క్లాసు పిల్లలకి కాపీలు తీసివ్వొచ్చు, పక్క సెక్షన్ టీచర్‌కి ఇవ్వాలంటే అదనపు లైసెన్స్ కొనాలి. రేపే క్లాసు ఉంది, మనకి మాత్రమే కావాలి అంటే మాత్రం ఇదే హాయి.

ఫ్రీగా దొరికేదే అన్నిటికంటే తికమక. డౌన్‌లోడ్ బటన్ పెట్టారంటే మార్చుకుని మళ్లీ పంచుకోమని అర్థం కాదు కదా! కాపీరైట్ గుర్తు వేయకపోయినా హక్కు రాసినవాళ్లదే, కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం రిజిస్టర్ కూడా చేయించుకోనక్కర్లేదు. క్లాసులో చెప్పడానికి చాలా దేశాల చట్టాల్లో కొంత వెసులుబాటు ఉంది, అది చూపించి మొత్తం ఫైలు గ్రూపులో పడేస్తే కుదరదు. ఇలాంటివాటికి ఫైలు బదులు లింక్ పంపడం బెస్ట్, రేపు వాళ్లు తప్పులు దిద్దితే దిద్దినదే అందరికీ కనిపిస్తుంది.

ఇక క్రియేటివ్ కామన్స్ (సీసీ), అంటే చేసినవాళ్లే "ఈ షరతుల మీద వాడుకోండి" అని ముందుగానే పర్మిషన్ ఇచ్చేసే రెడీమేడ్ లైసెన్సులు. 2002లో మొదలైన ఈ లైసెన్సులు ఇప్పుడు ఆరు రకాలు, ఆరూ ఒకటే అనుకుంటే మాత్రం దెబ్బతింటాం. లైసెన్స్ పేరులో ఉండే పొట్టి అక్షరాలే షరతులు చెబుతాయి. బై అంటే చేసినవాళ్లకి క్రెడిట్ ఇవ్వాలి. ఎన్‌డీ అని ఉంటే మక్కీకి మక్కీ పంచుకోవచ్చు గానీ తెలుగులోకి మార్చి పంచుకోలేం, ఎందుకంటే అనువాదం కూడా మార్పు కిందకే వస్తుంది. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు. ఎస్ఏ అంటే మనం మార్చి పంచుకునేదీ అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. ఇక్కడో చిక్కుముడి ఉంది: బై-ఎస్ఏ కింద ఉన్న బొమ్మనీ బై-ఎన్‌సీ-ఎస్ఏ కింద ఉన్న ప్రశ్నల్నీ కలిపి ఒకే కొత్త వర్క్‌షీట్‌గా మార్చేస్తే రెండు షరతులూ ఒకేసారి తీరవు, ఒకటి అమ్ముకోవచ్చంటుంది ఇంకోటి వద్దంటుంది. ఏదీ మార్చకుండా దేని క్రెడిట్ దానికి రాసి విడివిడి పేజీలుగా పెడితే గొడవ లేదు. అందుకే మార్చుకుని నలుగురితో పంచుకోవాలంటే నా ఓటు ఉత్త సీసీ బైకే, అడిగేదల్లా క్రెడిట్ ఒక్కటే. చేసినవాళ్లు హక్కులన్నీ వదిలేసుకునే సీసీ జీరో అయితే అదీ అడగదు, అయినా పేరు రాస్తే పోయేదేముంది.

క్రెడిట్ అంటే కింద "గూగుల్ నుంచి" అని రాయడం కాదండీ బాబూ (నిజంగానే అలా రాస్తున్నారు!). వర్క్‌షీట్ పేరు, చేసినవాళ్లు, లింకు, లైసెన్స్, మనమేమైనా మార్చి ఉంటే "మూడో ప్రశ్నలో అంకెలు మార్చాను" అని ఇంకో ముక్క, ఒక్క లైన్లో అయిపోతుంది. ఈ సీసీ లైసెన్సులకి 2013లో వచ్చిన 4.0 వెర్షన్‌లో అయితే పొరపాటున షరతు తప్పినా, తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే పోయిన పర్మిషన్ తిరిగొస్తుంది.

ఇంకో మాట, పీడీఎఫ్ మొత్తానికీ సీసీ బై అని ఉన్నా లోపల ఏదో ఒక ఫోటో కింద "అనుమతితో" అని చిన్నగా ఉంటుంది చూడండి, ఆ ఫోటోకి ఈ సీసీ బై లైసెన్స్ వర్తించదు, షేర్ చేసే ముందు దాన్ని తీసేసి వేరేది పెట్టుకోవాలి.