యాష్‌ల్యాండ్ సమ్మర్ ఎం.ఏ. (అమెరికన్ హిస్టరీ): చాలా సమ్మర్లు చదివాక నా రివ్యూ

అమెరికాలో సోషల్ టీచర్లుగా చేస్తున్న మనవాళ్ళు, ముఖ్యంగా హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వర్క్ పర్మిట్) వచ్చాక టీచింగ్ లైసెన్స్ తెచ్చుకున్నవాళ్ళు, మాస్టర్స్ ఏది చేస్తే బాగుంటుందని అడుగుతూనే ఉన్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. నేను చేసింది ఒహాయోలోని యాష్‌ల్యాండ్ యూనివర్సిటీలో అమెరికన్ హిస్టరీ అండ్ గవర్నమెంట్ ఎం.ఏ. క్లీవ్‌ల్యాండ్‌కీ కొలంబస్‌కీ మధ్యలో చిన్న ఊరు. సమ్మర్‌లో ఒక్కో కోర్సు వారంలో అయిపోతుంది, రెండు క్రెడిట్లు. ఆన్‌లైన్ లైవ్ క్లాసులు కూడా ఉన్నాయి కానీ కుదిరితే క్యాంపస్‌కే వెళ్ళండి, భోజనాల దగ్గర కూడా చర్చ ఆగదు, వేరే రాష్ట్రాల టీచర్లు ఇదే పాఠం ఎలా చెప్తున్నారో అక్కడే తెలుస్తుంది.

ఇక్కడ టెక్స్ట్‌బుక్ పని పెద్దగా ఉండదు. అప్పటివాళ్ళు రాసిన ఉత్తరాలు, ప్రసంగాలు, కోర్టు తీర్పులు, అవే చదవాలి, అదీ ముందే చదువుకుని రావాలి. క్లాసులో టేబుల్ చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడమే, ఏదైనా అంటే ఆ మాట ఏ పేజీలో ఉందో చూపించమంటారు. గైడ్లు, బిట్ బ్యాంకులతో చదువుకుని వచ్చిన మనకి ఇది అలవాటవ్వడానికి టైమ్ పడుతుంది, అలవాటయ్యాక మాత్రం వదలబుద్ధి కాదు.

బానిసత్వం నుంచి విడుదల కోరిన డ్రెడ్ స్కాట్ కేసులో 1857లో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పే తీసుకోండి. నల్లవాళ్ళు అమెరికా పౌరులు కాలేరని చీఫ్ జస్టిస్ టానీ రాశాడని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది, అదే కేసులో జస్టిస్ కర్టిస్ ఒప్పుకోకుండా రాసింది మాత్రం స్కూళ్ళలో చదివించేవాళ్ళు తక్కువ. రాజ్యాంగానికి ముందే న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్, న్యూయార్క్, న్యూజెర్సీ, నార్త్ కరోలినాల్లో అర్హతలున్న స్వేచ్ఛా నల్లవాళ్ళకి ఓటు ఉందని, అంటే రాజ్యాంగాన్ని ఆమోదించిన ప్రజల్లో వాళ్ళూ ఉన్నారని ఆయన రికార్డులతో సహా చూపించాడు. అదే ఏడాది జూన్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ కూడా ఇదే పాయింట్ ఎత్తుకున్నాడు. అక్కణ్ణుంచి ఇక్కడ పుట్టినవాళ్ళు పౌరులేనన్న 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ, అది చైనా తల్లిదండ్రులకి ఇక్కడ పుట్టిన బిడ్డకీ వర్తిస్తుందన్న 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు. ఇక్కడ పుట్టిన మన పిల్లల పౌరసత్వం ఆధారపడింది ఈ రెండిటి మీదే, అందుకే ఇవి చదివిన ఆ వారం నాకు అంతగా పట్టేసింది.

ఇప్పుడు నా క్లాసులో సగం మందికి టానీవి రెండు పేజీలు, సగం మందికి కర్టిస్‌వి రెండు పేజీలు ఇస్తాను. "మరి అప్పుడు ఓటేసినవాళ్ళని ఇప్పుడు పౌరులు కాదని ఎలా అన్నాడు సర్?" అని ఓ పిల్ల అడిగింది, ఆ పీరియడ్ అంతా దాని మీదే నడిచింది.

లెసన్ ప్లాన్లు, క్లాస్‌రూమ్ మేనేజ్‌మెంట్ లాంటివి కావాలంటే ఇది మీకు కాదు, ఇది పూర్తిగా సబ్జెక్ట్ చదువు. చదవాల్సింది చాలా ఎక్కువ, వారం అయ్యాక పేపర్ కూడా రాయాలి, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ నెలంతా ఎవరో ఒకరు చూసుకునేలా ఏర్పాటు చేసుకోండి. జీతం స్కేల్ పెరుగుతుందని చేరేవాళ్ళు క్రెడిట్లకి మీ స్కూల్ డిస్ట్రిక్ట్ అప్రూవల్ ముందే కాగితం మీద తీసుకోండి, అప్పట్లో మా డిస్ట్రిక్ట్ హెచ్‌ఆర్‌వాళ్ళు నోటిమాటగా సరే అని తర్వాత నన్ను చాలాకాలం తిప్పారు.

డబ్బు సంగతికొస్తే, జేమ్స్ మాడిసన్ ఫెలోషిప్ తప్పకుండా చూడండి. 7 నుంచి 12 క్లాసుల హిస్టరీ, గవర్నమెంట్ టీచర్లకి గరిష్ఠంగా 24,000 డాలర్లు ఇస్తారు, వాషింగ్టన్‌లో సమ్మర్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంటుంది. కాకపోతే అమెరికా పౌరసత్వం కావాలి, గ్రీన్ కార్డ్ సరిపోదు, తర్వాత కొన్నేళ్ళు టీచింగ్‌లోనే ఉండాలి. ఇల్లు కదలడం అసలు కుదరదంటే గిల్డర్ లేర్మన్ అనే అమెరికా చరిత్ర సంస్థవాళ్ళు గెటిస్‌బర్గ్ కాలేజీతో కలిసి నడిపే ఆన్‌లైన్ ఎం.ఏ. ఉంది.

యాష్‌ల్యాండ్‌కే వెళ్తుంటే మొదట రాజ్యాంగ రచన కాలం కోర్సు తీసుకోండి. రాజ్యాంగాన్ని సమర్థిస్తూ మాడిసన్ రాసిన ఫెడరలిస్ట్ 10 వ్యాసం ఒక్కటే కాకుండా, రాజ్యాంగాన్ని వ్యతిరేకిస్తూ బ్రూటస్ పేరుతో వచ్చిన వ్యాసాలు కూడా పక్కన పెట్టుకుని చదవండి, ఇంత పెద్ద దేశంలో ప్రజాప్రభుత్వం నిలుస్తుందా అన్నదాని మీదే ఇద్దరి గొడవా.