వైర్‌లెస్ వెదర్ స్టేషన్ కొన్నా, ఎలా ఉందంటే...

బయట సెన్సార్ కొలిచిన టెంపరేచర్, తేమ లాంటివి ఇంట్లో డిస్‌ప్లే మీద చూపించే వస్తువు ఇది. బాగానే ఉంది గానీ డబ్బాలో వచ్చిన కాగితాన్ని నమ్ముకుంటే మాత్రం కష్టమే. ముందు బయట పెట్టే సెన్సార్‌లో బ్యాటరీలు వేసి ఆ తర్వాతే డిస్‌ప్లేకి పవర్ ఇవ్వాలి, రెండూ పక్కపక్కనే పెట్టి కాసేపు ఆగితే వాటంతట అవే కలుస్తాయి, అప్పుడు సెన్సార్‌ని మేడెక్కించండి. రేంజ్ 100 మీటర్లని అట్ట మీద గొప్పగా వేశారు, అది ఖాళీ మైదానంలో మాట, మన స్లాబుల్లో ఇనుము ఉంటుంది కదా, డిస్‌ప్లేని కింద హాల్లో పెడితే గీతలు తప్ప ఏమీ రాలా. కిటికీ పక్కకి మార్చాక సెట్టయింది.

సెన్సార్‌ని ఎండలో పెట్టకండి బాబూ, ప్లాస్టిక్ వేడెక్కి లేని టెంపరేచర్ చూపిస్తుంది. నేనైతే వాటర్ ట్యాంకు కింద నీడలో గాలి ఆడేలా వేలాడదీశా, స్లాబుకి ఆనించలేదు, పొద్దుగూకాక కూడా అది సెగ కక్కుతూనే ఉంటుంది.

గాలి ప్రెషర్ తక్కువ చూపిస్తోందని కంగారు పడొద్దు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉంది కాబట్టి 950 హెక్టోపాస్కల్స్‌కి అటూ ఇటూ ఉంటుంది, తుఫానేం కాదు, సెట్టింగ్స్‌లో ఎత్తు ఇస్తే సరిపోతుంది.

ఆటోమేటిక్ టైమ్ అన్నది మనకి శుద్ధ దండగ, అది అమెరికాలో కొలరాడో నుంచి వచ్చే రేడియో సిగ్నల్‌తో పనిచేసేది, ఇక్కడ అందదు, ఆఫ్ చేసి చేత్తో పెట్టుకోండి.

ఇక వానొస్తుందని డిస్‌ప్లే మీద వచ్చే బొమ్మ సంగతి, ప్రెషర్ తగ్గితే చాలు అది వచ్చేస్తుంది. మన వైపు ప్రెషర్ మామూలుగానే పొద్దున పదింటికి పెరిగి సాయంత్రం నాలుగింటికి తగ్గుతుంది, దీనికేమో రోజూ వానొచ్చేస్తున్నట్టే. టెంపరేచర్, తేమ కోసమైతే కొనండి, అయిదుకి మూడున్నర ఇస్తా.