మా కాలనీ హెల్త్ సెంటర్లో పాప టీకాలు: ఆరో వారం నుంచి తొమ్మిదో నెల దాకా

కార్పొరేట్ హాస్పిటల్లో వేయిద్దామని కొందరు, అసలు వేయించొద్దని కొందరు, మా ఇంట్లోనే పెద్ద గొడవ అయింది. అందుకే వివరంగా రాస్తున్నాను, చంటిపిల్లలున్నవాళ్లకి పనికొస్తుంది.

2021 మేలో 18 దాటినవాళ్లకి కోవిడ్ టీకా ఇస్తామన్నప్పుడు మా బావగారు రాత్రిపూట నిద్ర మానుకుని కోవిన్‌లో స్లాట్ కోసం కూర్చునేవారు. సూది వేయించుకుని భుజం చూపిస్తూ స్టేటస్ కూడా పెట్టారు. అదే మనిషి 2024లో, చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని కోవిషీల్డ్ టీకాని తయారుచేసిన కంపెనీ ఆస్ట్రాజెనెకా బ్రిటన్ కోర్టులో ఒప్పుకుందన్న వార్త చూసినప్పటి నుంచి ఫ్యామిలీ గ్రూపులో రోజుకో వీడియో పంపుతున్నారు. వార్త అబద్ధం కాదు. కానీ ఆ సమస్య వస్తే డోసు వేసుకున్న కొద్ది వారాల్లోనే వస్తుందని, మూడేళ్ల తర్వాత కాదని ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు. ఆ భయం మెల్లగా మా పాప దాకా వచ్చింది. "పెద్దవాళ్లకే అలా అయితే పసిగుడ్డుకి ఒకేరోజు మూడు సూదులా" అని అత్తమ్మ పట్టుబట్టింది. నిజం చెప్పాలంటే నాకూ టెన్షన్‌గానే ఉండింది.

సెంటర్లో టీకాలు బుధ, శనివారాలు. అక్కడి ఏఎన్ఎం సిస్టర్ గురించి ఎంత చెప్పినా తక్కువే. అత్తమ్మ అడిగిన దేనికీ విసుక్కోలేదు. ఎడమ తొడకి పెంటా, కుడి తొడకి న్యుమోనియా టీకా, కుడి భుజానికి పోలియో సూది, నోట్లో రోటా (విరేచనాలు రాకుండా), పోలియో చుక్కలు అని ఒక్కొక్కటీ చూపించి, పెంటా అంటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి కామెర్లు, హిబ్ (న్యుమోనియా, మెదడుపొర వాపు తెచ్చే బ్యాక్టీరియా) అన్నిటికీ కలిపి ఒకటే సూది అని చెప్పింది. తర్వాత సీసా అత్తమ్మ చేతికే ఇచ్చింది. దాని మీద చిన్న గుండ్రటి గుర్తు, మధ్యలో తెల్లటి చదరం ఉన్నాయి. "వేడి తగిలితే ఈ చదరం నల్లబడతదమ్మా, చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతే పారేస్తాం, చూడండి ఇంకా తెల్లగనే ఉంది" అంది. అత్తమ్మ కళ్లజోడు పెట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

ఇంకో మాట కూడా ముందే చెప్పింది: ఈ రాత్రి జ్వరం రావచ్చు, తొడ ఎర్రగా గట్టిపడొచ్చు, ఏమీ రుద్దొద్దు, బరువును బట్టి ఇన్ని చుక్కల పారాసిటమాల్, రెండు రోజులైనా తగ్గకపోతే తీసుకురండి అని. అర్ధరాత్రి పాప ఒళ్లు కాలిపోతుంటే నేను వణకలేదంటే కారణం ఆ మాటే. ఇది చెప్పకుండా పంపిస్తే మాత్రం అదే జ్వరం పొద్దున్నే గ్రూపులో ఫొటోతో సహా "చూశారా" అని వచ్చేది.

ఇక కోపం వచ్చిన సంగతి. తొమ్మిదో నెలలో మిగతావి వేసి, ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) ఒక్కటీ ఆపేశారు. ఒక సీసా చాలామంది పిల్లలకి, పొడి మందు కలిపాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, పిల్లలు తక్కువ వచ్చారు, మందు వృథా అవుతుంది, శనివారం రండి అన్నారు. వృథా సంగతి నాకు అర్థమైంది. కానీ ఇంట్లో అంతమందిని ఒప్పించి ఆటో కట్టుకుని వచ్చిన తల్లిని వెనక్కి పంపితే మళ్లీ వస్తుందని గ్యారంటీ ఏంటి? ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలి. మేం శనివారం వెళ్లి వేయించాం, మా పక్కన కూర్చున్నావిడ ఆ రోజు కనపడలేదు.

పాలివ్వడానికి చాటు లేదు, చున్నీ తీసుకెళ్లండి. పదకొండు దాటితే రద్దీ. టీకా అయ్యాక అరగంట కూర్చోమంటారు, కూర్చోండి. కార్డు మర్చిపోవద్దు. మా పాప కార్డు ఇప్పుడు అత్తమ్మ బీరువాలోనే ఉంది, పదహారో నెల ఎప్పుడు పడుతుందో క్యాలెండర్‌లో గుండ్రం చుట్టి పెట్టుకుంది.